ఖతార్‌లో దీర్ఘకాలిక నొప్పి: క్యాంపు నుంచి క్లినిక్ దాకా

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. గాయం మానడానికి మామూలుగా పట్టే గడువు తీరిపోయాక కూడా ఇది మిగిలిపోతుంది. అందుకే దీన్ని వేరే జబ్బు విడిచివెళ్లిన గుర్తుగా కాక, దానంతట అది ఒక జబ్బుగా చూడాలన్న అభిప్రాయం గత 50 ఏళ్లలో బలపడింది. మత్తు వైద్యుడు జాన్ బొనికా చొరవతో 1973లో అమెరికాలోని సియాటిల్ దగ్గర జరిగిన సమావేశం నుంచి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన 11వ వ్యాధుల వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీర్ఘకాలిక నొప్పిని ఏడు రకాలుగా విడదీసి, ఒక్కోదానికి చోటు కల్పించిన మొదటి వర్గీకరణ అదే. కేన్సర్ నొప్పి, ఆపరేషన్ లేదా దెబ్బ తర్వాత మిగిలే నొప్పి, నరాల నొప్పి, కీళ్లూ కండరాల నొప్పి అందులో ఉన్నాయి. ఏ స్కానింగులోనూ కారణం కనిపించని నొప్పికి కూడా అందులో సొంత పేరుంది.

ఈ జబ్బును చూసే పద్ధతే వేరు. నరాలు, కండరాలు, నిద్ర, భయం, పని, ఇంటి దిగులు అన్నీ కలిసి పెంచిన నొప్పి కాబట్టి డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మనస్తత్వ నిపుణుడు, నర్సు ఒక జట్టుగా నెలల తరబడి చూడాలి. అదే రోగి, అదే జట్టు, అదే ఫైలు. వరుస తెగితే అప్పటిదాకా కూడిన మేలు కరిగిపోతుంది. ఖతార్‌లో పనిచేసే తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కంతా ఈ వరుస దగ్గరే ఉంది. వాళ్ల బతుకు రెండేళ్ల కాంట్రాక్టుల లెక్కన నడుస్తుంది. మధ్యలో రెండు నెలల సెలవు, ఆ సెలవులో ఊళ్లో మరో డాక్టరు, మరో మందుల చీటీ. దోహాలో మంచి ఆసుపత్రులు ఉన్నాయి. వాటి దాకా చేరడం ఒక ఎత్తు, చేరినవాడు అక్కడ నిలిచి చికిత్స పూర్తిచేసుకోవడం మరో ఎత్తు.

ఎవరి ఒంట్లో ఏ నొప్పి

ఖతార్ జనాభా సుమారు 30 లక్షలు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది విదేశీయులు. భారతీయులు ఏడెనిమిది లక్షలుంటారని అంచనా. మొత్తం జనాభాలో 60 శాతం దాకా చేతిపని, కూలిపని చేసే కార్మికులే. తెలంగాణ నుంచి నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, కామారెడ్డి జిల్లాలవాళ్లు, ఆంధ్ర నుంచి కోనసీమ, పశ్చిమ గోదావరి, కడప ప్రాంతాలవాళ్లు ఇందులో ఎక్కువ. షట్టరింగ్ కార్పెంటరు, స్టీల్ ఫిక్సరు, మేస్త్రీ, హెవీ డ్రైవరు, క్లీనరు, ఆఫీస్ బాయ్, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఒక వైపు. ఇంజినీర్లు, కంప్యూటరు ఉద్యోగులు, నర్సులు మరో వైపు. నొప్పి ఇద్దరికీ వస్తుంది. వైద్యానికి వెళ్లే దారి మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

నడుం నొప్పి అన్నిటికంటే ముందుంటుంది. ప్రపంచం మొత్తం మీద 2020లో 61.9 కోట్లమందికి నడుం నొప్పి ఉందని అంతర్జాతీయ వ్యాధిభార అధ్యయనం లెక్క తేల్చింది. మనుషుల్ని వైకల్యంతో ఎక్కువ ఏళ్లు బతికేలా చేసే కారణాల్లో అదే మొదటిది. ఖతార్ ప్రాథమిక వైద్య కేంద్రాలకు వచ్చినవాళ్ల మీద జరిగి 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో సగానికి మించి నడుం నొప్పి చెప్పుకున్నారు. కార్మికుడికి నడుం తర్వాత మోకాలు, భుజం, మణికట్టు. కంప్యూటరు ముందు కూర్చునేవాడికి మెడ. మధుమేహం ఉన్న నడివయసువాడికి రాత్రిళ్లు అరికాళ్ల మంట.

దెబ్బలు తగిలి మిగిలిపోయే నొప్పుల సంగతి విడిగా చెప్పుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 నవంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో ఖతార్‌లో పని ప్రమాదాల వల్ల 50 మంది చనిపోయారు. 500 మందికి పైగా తీవ్రంగా గాయపడ్డారు. మరో 37,600 మందికి చిన్న, మధ్యస్థ గాయాలయ్యాయి. బాధితుల్లో ఎక్కువమంది బంగ్లాదేశ్, భారత్, నేపాల్ దేశాలవాళ్లు. చావుల లెక్క పత్రికల్లో వచ్చింది, తీవ్రగాయాల లెక్కా వచ్చింది. ఈ వ్యాసానికి ముఖ్యమైనది మూడో అంకె. పరంజా మీంచి జారి మడమ చితికినవాడు, కడ్డీల కట్ట భుజాన పడినవాడు కట్టు విప్పించుకుని వారం పది రోజుల్లో పనికి పోతారు. మూడు నెలల తర్వాత వాళ్లలో ఎవరికి నొప్పి మిగిలిందో చెప్పే పట్టిక ఆ నివేదికలో లేదు. అసలు గాయాల సమాచారమే వేర్వేరు సంస్థల దగ్గర చెల్లాచెదురుగా ఉందని, అంతా ఒకచోటికి తేవాలని ఆ నివేదికే సూచించింది.

ఎండ సంగతీ నొప్పికి సంబంధించినదే. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషేధం. తేమను కూడా లెక్కలోకి తీసుకునే ఉష్ణ సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. ప్రాణాలు కాపాడే నిబంధన ఇది. అయితే పని తెల్లవారుజాముకు జరగడంతో బస్సు కోసం రెండు మూడు గంటలకే లేవాల్సిన రోజులు వస్తాయి. నిద్ర తగ్గితే నొప్పి పెరుగుతుందని, నొప్పి పెరిగితే నిద్ర పోతుందని వైద్యశాస్త్రం తేల్చిన విషయమే. ఒకే గదిలో రెండంతస్తుల మంచాల మీద, వేర్వేరు షిఫ్టులవాళ్ల మధ్య ఈ చక్రం తెగడం కష్టం.

ఆసుపత్రుల అమరిక

ఖతార్‌లో ఆధునిక ప్రభుత్వ వైద్యం 1957లో తెరిచిన రుమైలా ఆసుపత్రితో కుదురుకుంది. 1979లో హమాద్ మెడికల్ కార్పొరేషన్ ఏర్పడింది. 1982లో హమాద్ జనరల్ ఆసుపత్రి వచ్చింది. కార్మికుల నోట ఇవన్నీ కలిపి ఒకటే మాట, 'హమాద్'. 2012లో ప్రాథమిక వైద్యాన్ని విడదీసి ప్రైమరీ హెల్త్ కేర్ కార్పొరేషన్‌కు అప్పగించారు. ఒంటరి మగ కార్మికులకు మాత్రం ఎక్కువగా వేరే గుమ్మం ఉంది. ఖతార్ రెడ్ క్రెసెంట్ నడిపే కార్మిక ఆరోగ్య కేంద్రాలు ఫరీజ్ అబ్దుల్ అజీజ్, మిసైమీర్, హిమైలా, జిక్రీత్‌లలో ఉన్నాయి. 2018లో ఇండస్ట్రియల్ ఏరియాలో, అంటే మనవాళ్లు 'సనయ్య' అనే చోట, హజ్మ్ మిబైరీక్ జనరల్ ఆసుపత్రి తెరిచారు. పారిశ్రామిక కార్మికుల కోసమే కట్టిన పెద్ద ఆసుపత్రి అది. పడమటి కొసన దుఖాన్‌లో 2012 నుంచి క్యూబా వైద్యులు నడిపే ఆసుపత్రి ఉంది.

దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేక వైద్యం ఈ అంచెల పైమెట్టున ఉంటుంది. హమాద్‌లో మత్తు వైద్యుల ఆధ్వర్యంలోని పెయిన్ క్లినిక్ ఒకటి. నరం దగ్గర ఇంజెక్షన్లు, నరాల నొప్పికి మందులు అక్కడ చూస్తారు. 2016లో మొదలైన ఖతార్ రిహాబిలిటేషన్ ఇన్‌స్టిట్యూట్ మరొకటి. పక్షవాతం, వెన్నుపాము దెబ్బలు వంటివాటితో పాటు నొప్పి తగ్గించి మనిషిని మళ్లీ పనిలోకి నడిపించే పునరావాసం దాని పరిధి. ఆటగాళ్ల వైద్యానికి ప్రపంచంలో పేరున్న ఆస్పెటార్ 2007 నుంచి దోహాలోనే ఉన్నా, స్టీల్ ఫిక్సరు దారిలో అది రాదు.

కాగితం మీద దారి సూటిగానే కనిపిస్తుంది. కార్మిక కేంద్రంలో డాక్టరు చూస్తాడు, ఎక్స్‌రే తీయిస్తాడు, అవసరమైతే ఎముకల విభాగానికో న్యూరో విభాగానికో రాస్తాడు. అక్కడ ఎమ్మారై, ఆ తర్వాత ఫిజియోథెరపీ, అది చాలకపోతే పెయిన్ క్లినిక్. ఒక్కో మెట్టుకు ఒక్కో అపాయింట్‌మెంట్, ఒక్కో సెలవు, ఒక్కో ప్రయాణం. నొప్పి క్లినిక్ చివరి మెట్టు కావడం వల్లే అక్కడికి చేరినవాళ్ల నొప్పి అప్పటికి ఏళ్ల పాతదై ఉంటుంది.

బతాకా, కార్డు, సెలవు

మొదటి గడప కాగితాలది. ఖతార్ ఐడీని గల్ఫ్ తెలుగువాళ్లు అరబీ మాటతో 'బతాకా' అంటారు. అది చెల్లుబాటులో ఉంటేనే హెల్త్ కార్డు, కార్డు ఉంటేనే ప్రభుత్వ ఆసుపత్రిలో రాయితీ వైద్యం. బతాకా తీయించడం, గడువు తీరకుండా పొడిగించడం యజమాని బాధ్యత. యజమాని ఆ పని చేయకపోవడం వల్ల కార్మికులు వైద్యానికి దూరమైన ఉదంతాలను ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2013 నివేదికలోనే నమోదు చేసింది. అత్యవసరం వస్తే హమాద్ ఎమర్జెన్సీ తలుపు ఎవరికైనా తెరుచుకుంటుంది. కానీ నడుం నొప్పి అత్యవసరం కిందికి రాదు. చట్టవిరుద్ధ నివాసిగా మిగిలిపోయినవాడు గుండెపోటుకు ఆసుపత్రి చేరగలడు. ఏడాదిగా గుంజుతున్న కాలుకు మాత్రం అతనికి దక్కేది మందుల షాపే.

2021లో వచ్చిన 22వ నంబరు చట్టం విదేశీయులకు ఆరోగ్య బీమాను తప్పనిసరి చేసింది. మొదట సందర్శకులకు 2023 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది, నెలకు 50 రియాళ్లు. ఆ సందర్శక బీమా ప్రమాదాలకు, అత్యవసరాలకు మాత్రమే. భర్త దగ్గరికి ఫ్యామిలీ విజిట్ మీద వచ్చి, మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కలేని భార్యకో అత్తకో అది అక్కరకు రాదు.

రెండో గడప సెలవు. 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, మూడు నెలల సర్వీసు నిండినవాడికి జబ్బు చేస్తే మొదటి రెండు వారాలు పూర్తి జీతం, తర్వాతి నాలుగు వారాలు సగం జీతం, ఆపైన జీతం లేదు. పని వల్ల తగిలిన గాయమైతే లెక్క మారుతుంది. చికిత్స ఖర్చు యజమానిదే, కోలుకునేదాకా గరిష్ఠంగా ఆరు నెలలు పూర్తి జీతం. ఈ రెండు నిబంధనల మధ్య సందులోనే దీర్ఘకాలిక నొప్పి పడిపోతుంది. ఒక నాడు, ఒక గంటలో, సాక్షుల ముందు జరిగితే గాయం. ఎనిమిదేళ్లు సిమెంటు బస్తాలు ఎత్తి అరిగిన వెన్నుకు తేదీ ఉండదు, సాక్షి ఉండడు. దాన్ని పని గాయమని నిరూపించుకోలేనివాడు మామూలు జబ్బు సెలవులోకి వస్తాడు. ఆరు వారాల లెక్కలో నొప్పి తగ్గితే సరి.

చట్టం ఇచ్చిన సెలవు వేరు, ఫోర్‌మన్ ఇచ్చే సెలవు వేరు. ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు చొప్పున నెలంతా రమ్మంటారు. సనయ్య క్యాంపులో ఉండేవాడికి ఒక్కో సిట్టింగు అంటే ఒక రోజు పని. 2021 మార్చి 20 నుంచి అమలైన కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. యజమాని వసతి, తిండి ఇవ్వకపోతే వసతికి 500, తిండికి 300 అదనం. ఓవర్‌టైం లేకపోతే ఇంటికి పంపే డబ్బు సగానికి పడిపోయే జీతం ఇది. ఊళ్లో ఏజెంటుకు కట్టడానికి నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరేదాకా ఎనిమిది సిట్టింగులు పూర్తిచేసేవాళ్లు అరుదు. మూడు సిట్టింగుల తర్వాత రోగి రావడం మానేస్తే ఫైలులో 'రాలేదు' అని మాత్రమే ఉంటుంది. ఎందుకు రాలేదో రాసే గడి అందులో ఉంటే, నొప్పి వైద్యం గురించి ఏ సర్వే చెప్పలేనిది అదే చెప్పేది.

మూడో గడప కంటికి కనిపించనిది. అది భయం. ఖతార్ ప్రభుత్వం 2018లో హైదరాబాదుతో సహా భారతదేశంలోని ఏడు నగరాల్లో వీసా కేంద్రాలు ప్రకటించి, ఆ మరుసటి ఏడాది వాటిని తెరిచింది. వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం, వైద్య పరీక్ష అన్నీ అక్కడే. టీబీ, హెచ్‌ఐవీ, కామెర్ల వంటి అంటువ్యాధుల కోసం చేసే పరీక్ష అది. కానీ 'మెడికల్ అన్‌ఫిట్' అనే మాట అక్కడే మనసులో నాటుకుంటుంది. మెడికల్‌లో పోయినవాడి కథ ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది. ఆ మాట చెవిన పడిన మనిషి ఖతార్ చేరాక నడుం పట్టేసినా నోరు మెదపడు. అన్‌ఫిట్ అంటారేమో, టికెట్ చేతిలో పెట్టి పంపేస్తారేమో అన్న జంకు. నొప్పి మూడు నెలల లోపు ఉన్నప్పుడు చూపించుకుంటే తగ్గే అవకాశం ఎక్కువ. సరిగ్గా ఆ మూడు నెలలే దాచుకోవడంలో పోతాయి.

ఆ దాచుకునే కాలంలో వైద్యం గదిలోనే సాగుతుంది. జండూ బామ్, అమృతాంజన్, తోటివాడి చేత నడుం తొక్కించుకోవడం. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజన్ డబ్బా నేటికీ గల్ఫ్ వెళ్లే పెట్టెల్లో ఊరగాయ పక్కన ప్రయాణిస్తూనే ఉంది. బామ్‌లు చేసే కీడు పెద్దగా లేదు. కీడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలను నెలల తరబడి రోజూ మింగడంలో ఉంది. ఎండలో చెమట పోయి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మందులు మూత్రపిండాల మీద వేసే దెబ్బ ఇంకా పెరుగుతుంది. నొప్పి వైద్యం అందనితనానికి అన్నిటికంటే ఎక్కువ మూల్యం చెల్లించే అవయవం ఒక్కోసారి నడుం కాదు, కిడ్నీ.

తీపు, సలుపు, పోటు

నొప్పి వైద్యంలో సగం పరీక్ష మాటల్లోనే జరుగుతుంది. రక్తపరీక్షకు దొరకనిది రోగి వర్ణనలో దొరుకుతుంది. నరాల నొప్పిని గుర్తించడానికి 2005లో ఫ్రాన్సులో రూపొందించిన డీఎన్4 అనే ప్రశ్నావళి ఇందుకు మంచి ఉదాహరణ. మంటగా ఉందా, చల్లగా పొడిచినట్టుందా, కరెంటు షాకులా కొడుతోందా, చీమలు పాకినట్టుందా, సూదులు గుచ్చినట్టుందా, మొద్దుబారిందా, దురదగా ఉందా అని అడిగి, డాక్టరు తాకి చూసి, పదికి నాలుగు వస్తే నరాల నొప్పి కావచ్చని అనుమానిస్తారు. మందు మారేది ఆ నాలుగు మార్కుల మీదే. కండరం నొప్పికి ఇచ్చే మాత్ర నరం నొప్పికి పనిచేయదు.

తెలుగువాడికి ఈ వర్ణనలో లోటు లేదు. కాళ్ల తీపులు, గోరుచుట్టు సలుపు, తలలో పోటు, పిక్కల్లో గుంజుడు, అరికాళ్ల మంట, చేతుల తిమ్మిరి, పక్కలో కుట్టు, కీళ్ల పీకుడు, నడుంలోంచి కాల్లోకి జివ్వున లాగడం, మెడ పట్టేయడం. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. ఒక్కో మాట వెనక ఒక్కో రకం కారణం ఉండే వీలుంది. నడుంలోంచి మడమ దాకా జివ్వుమని లాగుతోందంటే వెన్ను దగ్గర నరం నలుగుతోందేమో చూడాలి. అరికాళ్లు రాత్రిళ్లు మండుతున్నాయంటే చక్కెర పరీక్ష చేయాలి.

దోహాలో ఈ మాటలన్నీ ఒకే మాటగా మారిపోతాయి. ఎదురుగా ఉన్న డాక్టరు ఈజిప్టువాడో సూడానువాడో పాకిస్తానీయో కేరళవాడో కావచ్చు. నర్సు ఫిలిప్పీన్స్ నుంచో కేరళ నుంచో వచ్చి ఉంటుంది. అరబీ, ఇంగ్లీషు, ఉర్దూ, హిందీ, మలయాళం ఆసుపత్రుల్లో తరచు వినిపించే భాషలు. తెలుగు అరుదు. నిజామాబాద్ మనిషికి ఊళ్లోనే అలవాటైన ఉర్దూ కొంత ఆదుకుంటుంది. కోనసీమ నుంచి తొలిసారి వచ్చినవాడికి హిందీ కూడా కొత్తే. సలుపు, తీపు, గుంజుడు అన్నీ 'దర్ద్' అనే రెండక్షరాల్లోకి కుదించుకుని చెబుతాడు. 'ఎక్కడ?' అంటే నడుం మీద చెయ్యి పెడతాడు. సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే, తక్కువ చెబితే పట్టించుకోరని పది అంటాడు, లేదా అన్‌ఫిట్ భయంతో మూడు అంటాడు. ఆ అంకె మీద ఆధారపడి రాసే మందు ఎలా కుదురుతుంది?

చాలాసార్లు గదిలో ఉండే స్నేహితుడే దుబాసీ. అతని మంచితనానికి వంక పెట్టాల్సింది లేదు. సెలవు పెట్టుకుని మరీ వస్తాడు. కానీ నిద్ర పట్టడం లేదని, ఏడుపొస్తోందని, భార్యతో ఫోనులో కూడా మాట్లాడాలనిపించడం లేదని స్నేహితుడి నోటి ద్వారా డాక్టరుకు చెప్పుకునే మగవాడు దొరకడం కష్టం. దీర్ఘకాలిక నొప్పి వైద్యంలో ఆ మాటలు ఎక్స్‌రే కంటే ముఖ్యం.

నమ్మడం, నమ్మకపోవడం

నొప్పి రోగుల అనుభవాల మీద ప్రపంచవ్యాప్తంగా వచ్చిన అధ్యయనాల్లో ఒక మాట పదేపదే వినిపిస్తుంది: తమను నమ్మడం లేదని. బ్రిటన్‌లో ఫ్రాన్సిన్ టోయ్ బృందం 2013లో 77 పరిశోధన పత్రాలను కలిపి చదివి, నొప్పి రోగి బతుకు ఒక పోరాటంగా సాగుతోందని తేల్చింది. తన శరీరంతో, తన గతంతో, వైద్య వ్యవస్థతో, చివరికి తన నొప్పి నిజమేనని ఒప్పించడంతో పోరాటం. ఆ రోగుల్లో ఎక్కువమంది సొంత దేశంలో, సొంత భాషలో వైద్యం చేయించుకున్నవాళ్లు. ఖతార్‌లోని కార్మికుడు ఇదే పోరాటాన్ని పరాయి భాషలో, ముదీర్ (మేనేజరు) అనుమానం మధ్య చేయాలి.

ఎక్స్‌రే నార్మల్ అని వచ్చిన రోజు ఆ పోరాటం ముదురుతుంది. స్కానింగులో కనిపించే అరుగుదలకు, అనుభవించే నొప్పికి నేరుగా పొంతన ఉండదని నొప్పి వైద్యులకు తెలుసు. డిస్కు జారినట్టు కనిపించినా హాయిగా తిరిగేవాళ్లున్నారు, ఏమీ కనిపించకపోయినా లేవలేనివాళ్లున్నారు. కంపెనీ ఆఫీసులో మాత్రం నార్మల్ రిపోర్టుకు ఒకే అర్థం, 'నాటకం'. డాక్టరు గదిలోంచి వచ్చే జవాబు కూడా క్యాంపుల్లో సామెతలా వాడే ఒక వాక్యంగా స్థిరపడింది: పెనడాల్ (పారాసిటమాల్) ఇచ్చి పంపారు. ఆ మాటలో డాక్టర్ల పట్ల కొంత అన్యాయం ఉంది. వ్యాయామం చెప్పి, నొప్పిమాత్రలు తగ్గించి రాసే డాక్టరు నిజానికి సరైన పనే చేస్తున్నాడు. కానీ ఐదు నిమిషాల్లో, అర్థంకాని భాషలో చెప్పిన వ్యాయామం రోగి చెవికి ఎక్కదు. చేతిలో మిగిలేది మాత్రే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. రోగికి జబ్బు గురించి వివరంగా చెప్పడం, వ్యాయామం, మనసుకు ఇచ్చే చికిత్స వంటివాటిని సిఫార్సు చేసింది. నడుం బెల్టులు, ట్రాక్షన్, నల్లమందు జాతి మాత్రలు మామూలుగా వాడవద్దంది. సిఫార్సు చేసినవాటిలో ఎక్కువ భాగం మాటల మీద, సమయం మీద నడిచేవి. వద్దన్నవాటిలో బెల్టు, ట్రాక్షన్ తెలుగు పట్టణాల్లో నడుం నొప్పికి అన్నిటికంటే ముందు దొరికేవి. సెలవులో ఊరెళ్లిన కార్మికుడు రెండూ చేయించుకుని, బెల్టు కట్టుకునే విమానం ఎక్కుతాడు.

నిరీక్షణ దానికదే హాని చేస్తుంది. చికిత్స కోసం ఆరు నెలలు ఎదురుచూసిన నొప్పి రోగుల్లో ఆ కాలంలోనే ఆరోగ్యం, మనఃస్థితి దిగజారుతున్నాయని 2008లో కెనడా పరిశోధకులు నిర్ధారించారు. సంపన్న దేశాల్లోనూ పెయిన్ క్లినిక్‌ల ముందు వరుసలు పెద్దవే. కానీ రెండేళ్ల కాంట్రాక్టు మీద వచ్చినవాడికి ఆరు నెలలంటే అక్కడి జీవితంలో నాలుగో వంతు. సెలవు తేదీకీ అపాయింట్‌మెంట్ తేదీకీ కుదరక క్లినిక్ పేరు వినకుండానే కాంట్రాక్టు ముగిసేవాళ్లుంటారు. డబ్బున్న ఉద్యోగి ఈ వరుసను ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి దాటేస్తాడు, ఖర్చు కంపెనీ బీమా భరిస్తుంది. ఒకే విమానంలో వచ్చిన ఇద్దరు తెలుగువాళ్ల నొప్పికి రెండు వేగాలు ఉండటం ఇక్కడి వ్యవస్థలో అన్నిటికంటే బాధాకరమైన వాస్తవం.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల దారి ఇంకా ఇరుకు. 2017లో వచ్చిన 15వ నంబరు చట్టం వాళ్లకు రోజుకు గరిష్ఠంగా పది గంటల పని, వారానికి ఒక పూర్తి రోజు సెలవు, ఏడాదికి మూడు వారాల సెలవు ఇచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది మాత్రం ఇంటివాళ్లే. కార్మిక ఆసుపత్రులు మగవాళ్ల చుట్టూ రూపుదిద్దుకున్నాయి. క్యాంపులో మగవాడికి కనీసం పక్క మంచం మీద తెలుగు మాట ఉంటుంది. ఇంటిపని చేసే ఆమె నడుం నొప్పిని వినేది వాట్సాప్‌లో ఊళ్లోని చెల్లెలే.

ఈ సందులు పూడ్చే పనిలో సంఘాలున్నాయి. భారత రాయబార కార్యాలయం అండతో నడిచే ఇండియన్ కమ్యూనిటీ బెనవొలెంట్ ఫోరం కార్మికులు ఉండేచోట వైద్య శిబిరాలు పెడుతుంది. భారతీయ వైద్యులు స్వచ్ఛందంగా వస్తారు. తెలుగు సంఘాలవాళ్లు ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసిరావడం, కాగితాలు నింపిపెట్టడం చేస్తుంటారు. శుక్రవారం శిబిరంలో బీపీ, షుగరు పట్టుబడతాయి. నొప్పికి కావలసిన ఆరు నెలల తోడు ఒక శుక్రవారం ఇవ్వలేనిది. బీమాలదీ అదే పరిమితి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి పది లక్షల రూపాయలు ఇస్తుంది. కాలు పోతే లెక్క ఉంది. కాలు ఉండి, దాన్ని నేల మోపలేనంత నొప్పి ఉంటే లెక్క లేదు.

విమానాశ్రయం దగ్గర తెగే దారం

నరాల నొప్పికి తెలుగు రాష్ట్రాల్లో డాక్టర్లు మామూలుగా రాసే మందుల్లో ప్రీగాబాలిన్ ముందుంటుంది, చాలాసార్లు బి12 విటమిన్‌తో కలిపిన మాత్రగా. నొప్పి ఎక్కువైతే ట్రమడాల్. ఈ రెండూ ఖతార్‌లో కఠిన నియంత్రణలో ఉన్న మందులు. కోడీన్ ఉన్న దగ్గుమందు, డయజిపామ్, అల్ప్రజోలామ్ వంటి నిద్రమాత్రలు కూడా ఆ కోవలోనివే. సెలవు ముగించుకుని వచ్చేవాడి సంచిలో నిజామాబాద్ డాక్టరు రాసిన మూడు నెలల మాత్రలుంటే, హమాద్ విమానాశ్రయంలో అవి మందులుగా కాక మాదకద్రవ్యాలుగా లెక్కకు రావచ్చు. జైలు దాకా వెళ్లే వ్యవహారం అది. అందుకే భారత రాయబార కార్యాలయం ప్రయాణికులను పదేపదే హెచ్చరిస్తోంది. పక్కింటివాళ్లు 'మా తమ్ముడికి ఇవ్వండి' అని ఇచ్చే మందుల పొట్లం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ భయంతో మాత్రలు హఠాత్తుగా మానేసి విమానం ఎక్కడం మరో తప్పు. ప్రీగాబాలిన్‌ను ఒక్కసారిగా ఆపితే నిద్రలేమి, ఆందోళన, చెమటలు వస్తాయి, నొప్పి విజృంభిస్తుంది. మోతాదు మెల్లగా తగ్గించాలి, లేదా ఖతార్‌లో దొరికే ప్రత్యామ్నాయానికి ముందే మారాలి. ఊళ్లో డాక్టరుకు తన రోగి ఎక్కడ పనిచేస్తాడో చెప్పకపోతే ఆయన ఆ మార్పు చేయలేడు. చాలామంది చెప్పరు, ఆయన అడగడు.

శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకు దారం మరోలా తెగుతుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరే చికిత్సలకు, ఆపరేషన్లకు ఖర్చు భరించే పథకం. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ, నెలకోసారి నొప్పి వైద్యుడి సలహా అందులో ఇమడవు. వెన్ను ఆపరేషన్‌కు డబ్బు దొరికే దారి ఉంది, ఆపరేషన్ అక్కర్లేకుండా చేసే ఆరు నెలల వ్యాయామానికి లేదు. దోహాలో ఏళ్ల తరబడి జరిగిన పరీక్షలు, ఇంజెక్షన్లు, పనిచేసిన మందు, పనిచేయని మందు, అన్నీ అక్కడి కంప్యూటర్లో ఉంటాయి. ఎక్జిట్ కొట్టించుకునే హడావుడిలో లగేజీ బరువు చూసుకునేవాళ్లే తప్ప ఆసుపత్రి రికార్డుల విభాగానికి వెళ్లి మెడికల్ రిపోర్టు తీసుకునేవాళ్లు తక్కువ. ఎమ్మారై సీడీ, మందుల అసలు పేర్ల జాబితా, ఫిజియోథెరపిస్టు ఇచ్చిన వ్యాయామాల కాగితం, పని గాయమైతే దాని ధ్రువపత్రం ఉంటే జగిత్యాలలోనో అమలాపురంలోనో వైద్యం ఆగినచోట నుంచి సాగుతుంది. అవి లేని మనిషి మళ్లీ మొదటి ఎక్స్‌రే గది ముందు, కొత్త చీటీతో కూర్చుంటాడు.